లోపలి చక్రం లెక్క: ఒక ట్రాక్ బండి డైరీ

నవంబరు 9

మూడున్నర లక్షలు. బండి, టైర్లు, బ్రేకులు, మొదటి రెండు ట్రాక్ డేల (సొంత బండిని రేసు ట్రాక్ మీద తోలనిచ్చే రోజుల) ఫీజులు, పెట్రోలు, అన్నీ అందులోనే. ఇంట్లో ఒప్పుకున్నది నిజానికి మూడే. ఆ అర నేను కలుపుకున్నది.

పోయినేడు ఒక స్నేహితుడి బండిలో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద నాలుగు ల్యాపులు తిరిగొచ్చాను. ల్యాపు అంటే ఒక చుట్టు, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అప్పటి నుంచి పురుగు తొలుస్తూనే ఉంది. రోజంతా నా పని రొయ్యల గుంటల దగ్గర. ఏరియేటర్ల గేర్‌బాక్సులు విప్పి బేరింగులు, సీళ్లు మారుస్తుంటాను. కాబట్టి గేరు పళ్లంటే భయం లేదు. భయమల్లా తప్పు బండి కొంటానేమోనని.

నా ముందు మూడు బండ్లున్నాయి. కావలిలో ఒక 2006 మారుతి ఎస్టీమ్. ఒంగోలులో ఒక 2002 హోండా సిటీ వీటెక్, ఎల్ఎస్‌డి (అదేమిటో కింద చెబుతాను) వేసి ఉందట. చెన్నైలో ఒక పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్. మూడోదాన్ని ఒక్క సాయంత్రంలోనే జాబితా నుంచి కొట్టేశాను. ఇంజను వెనక చక్రాలను తిప్పే బండి అన్న మోజు తప్ప, దాని టైర్లు, బ్రేకు ప్యాడ్ల ఖర్చు నాకు అందేది కాదు. పైగా ఆ మామూలు 3 సిరీస్‌లో కంపెనీ ఇచ్చేదీ ఓపెన్ డిఫరెన్షియలే.

ఇక అసలు తగువు ఎల్ఎస్‌డి దగ్గర. స్నేహితుడి మాట ఒకటే: "ఎల్ఎస్‌డి లేని బండి ట్రాక్‌కి దండగ మామా." వాడి మాట వింటే సిటీ. వినకపోతే ఎస్టీమ్, చేతిలో లక్షన్నర పైగా మిగులు.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దేది డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్, అంటే ఓపెన్, రెండు చక్రాలకూ సమానంగానే టార్కు (తిప్పే బలం) పంచుతుంది. చిక్కంతా ఆ సమానంలోనే ఉంది. పట్టు తక్కువున్న చక్రం ఎంత మోయగలిగితే రెండోదానికీ అంతే అందుతుంది. మలుపులో లోపలి చక్రం మీద బరువు తగ్గి అది ఊరికే తిరగడం మొదలుపెడితే, బరువంతా మోస్తున్న బయటి చక్రం పని లేక కూర్చుంటుంది. ఆ జారుడుకి పగ్గం వేసి బయటి చక్రానికి ఎక్కువ పంపేది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఎల్ఎస్‌డి.

నవంబరు 16

కోవూరు అవతల మా బాబాయ్ మడి దగ్గరికి వెళ్లాను. దమ్ముకి దిగబోతూ ట్రాక్టరు మడి మొగదల్లోనే కూరుకుపోయింది. ఇంకా రబ్బరు టైర్లే ఉన్నాయి, దమ్ము చక్రాలు తగిలించలేదు. కుడి చక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతోంది. ఎడమది గట్టి నేల మీదుండి ఉలకదు, పలకదు. సరిగ్గా వారం నుంచి నేను కాగితం మీద గీస్తున్న బొమ్మే కళ్లముందు కనిపించింది.

బాబాయ్ మొదట రెండు బ్రేకు పెడళ్ల మధ్య కొక్కెం తీశాడు. కుడి బ్రేకు ఒక్కటే మెల్లగా తొక్కాడు. ఊరికే తిరుగుతున్న చక్రానికి అడ్డం పడేసరికి టార్కు ఎడమ చక్రానికి కూడా దక్కి, ట్రాక్టరు జానెడు ముందుకు జరిగింది. మళ్లీ ఆగింది. ఈసారి మడమతో కింద ఉన్న చిన్న పెడల్ నొక్కాడు. టక్కుమని లోపల ఏదో కూర్చున్న చప్పుడు. రెండు చక్రాలూ ఒక్కటిగా తిరిగాయి, బండి గట్టెక్కింది.

"నేనూ తిప్పేదా బాబాయ్?" అని స్టీరింగ్ మీద చెయ్యి వేయబోయాను.

"రేయ్ అబ్బయా, లాక్ ఇడిసిందాకా తిప్పబాక. నేరుగానే పోద్ది. పట్టి తిప్పితే ఏదో ఒకటి ఇరుగుద్ది."

ఆ పది నిమిషాల్లో నాకు మూడు సంగతులు దొరికాయి. బాబాయ్ తొక్కిన ఒంటి బ్రేకునే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలో కంప్యూటరు తొక్కుతుంది, పేరు ఎక్స్‌డిఎస్. రోడ్డు మీద బాగానే ఉంటుంది గానీ, ట్రాక్ మీద ప్రతి మలుపులోనూ అసలే కాగిపోయిన బ్రేకుని ఇంకా కాలుస్తుంది. రెండోది, మడమ కింది లాక్. థార్ వెనక యాక్సిల్‌లో వచ్చే లాకర్ కూడా ఆ జాతిదే. బురదకు దేవుడు, మలుపుకు శత్రువు. ఇక మూడోది, ఈ రెంటికీ మధ్యన ఉండేది, నేను వెతుకుతున్న ఎల్ఎస్‌డి. కంపెనీ నుంచే అలాంటిది బిగించుకుని మన దేశానికి వచ్చిన బండి ఒకటుంది, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245. 2020లో 200 బండ్లే తెచ్చారు. అప్పటి ధర 36 లక్షలు. నా బడ్జెట్‌కి పదింతలు, ఆ మాట అక్కడితో సరి.

నవంబరు 23

ఒంగోలు. ఉదయం ఏడింటికల్లా మెకానిక్ భాయ్‌ని ఎక్కించుకుని బయల్దేరాను. భాయ్‌కి నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అయినా నన్ను సామీ అనే పిలుస్తాడు.

సిటీ బాగుంది. 1.5 వీటెక్, 106 హార్స్‌పవర్, పొగ లేదు, ఇంజను చప్పుడు చక్కగా ఉంది. అడిగింది రెండు లక్షల అరవై వేలు. అలాంటి సిటీయే ఎల్ఎస్‌డి లేకుండా లక్షా ఎనభైకి చూశాను. అంటే ఎనభై వేలు కంటికి కనపడని సామానుకి.

కనపడని దాన్ని ఎలా చూడాలి? ముందు రెండు చక్రాలూ జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది ఎదురు తిరిగితే ఓపెన్, అటే తిరిగితే ఎల్ఎస్‌డి అంటారు. భాయ్ తిప్పాడు. రెండో చక్రం ఎదురు తిరిగింది.

"ఓపెనే సామీ."

బండాయన తొణకలేదు. "హెలికల్ రకం అన్నా ఇది. చేత్తో తిప్పితే అట్టాగే తిరుగుతుంది."

చిరాకు పుట్టించే విషయం ఏమిటంటే, ఆయన చెప్పింది తప్పు కాదు. ఎల్ఎస్‌డిలో పాత రకం ప్లేట్లది. లోపల క్లచ్ ప్లేట్లను స్ప్రింగు ముందే కొంత నొక్కి ఉంచుతుంది కాబట్టి చేత్తో తిప్పినా రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. హెలికల్‌లో ప్లేట్లుండవు, వంకర పళ్ల గేర్లు లోడ్ పడినప్పుడే గోడలకు ఒరుసుకుని బిగుస్తాయి. లోడ్ లేనప్పుడు చాలావరకు ఓపెన్‌లాగే తిరుగుతుంది. జాకీ పరీక్ష దానికి పనికిరాదు.

పనికొచ్చే పరీక్ష ఇంకొకటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ తీసి, ఒక వైపు డ్రైవ్ షాఫ్ట్ బయటకు లాగి, ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూడాలి. ఓపెన్ డిఫరెన్షియల్ అయితే చిన్న గేర్లు తిరిగే పిన్ను నడిమధ్యన అడ్డంగా కనిపిస్తుంది. హెలికల్‌లో ఆ పిన్ను ఉండదు, చూపు నేరుగా అవతలి షాఫ్ట్ దాకా పోతుంది. కొత్త ఆయిల్ మేమే పోయిస్తామంటే బండాయన సరే అన్నాడు. గంటన్నర పని. భాయ్ బండి కింద పడుకుని టార్చి వేశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను కూడా కిందికి దూరి చూడమన్నాడు.

పిన్ను ఉంది. చూపుడువేలంత లావున, నూనెతో మెరుస్తూ, అడ్డంగా.

బండాయన మొహం చూస్తే జాలేసింది. ఆయన అబద్ధమాడలేదు, ఆయనకు అమ్మినవాడు అలా చెప్పి అమ్మాడు. ఎనభై వేలు ఎక్కువ పెట్టి కొన్నది ఆయన. రెండేళ్ల నుంచి స్నేహితులందరికీ ఎల్ఎస్‌డి తేడా ఎలా తెలుస్తోందో చెబుతున్నాడట.

దారిలో సింగరాయకొండ దగ్గర టీకి ఆగినప్పుడు భాయ్ అన్నాడు, "లేనిదాన్ని ఉందనుకొని రెండేళ్లు తోలినాడంటే, అది లేకపోయినా తోలొచ్చనే గదా సామీ."

నవంబరు 30

భాయ్ మాట నవ్వుకోవడానికి బాగుంది గానీ, లెక్క వేస్తేనే నాకు నిద్ర పట్టేది. ఎస్టీమ్ బరువు 875 కిలోలు, నేను 75. మొత్తం 950. ముందు చక్రాల మీద 60 శాతం అనుకుంటే 570, చెరొక 285. రెండో గేరు మలుపులో పక్కకు 0.8 జి (బండి బరువులో 0.8 వంతు తోపు), బరువు కేంద్రం నేలకు అర మీటరు ఎత్తులో ఉందనుకున్నాను. ముందు యాక్సిల్‌లో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి సుమారు 165 కిలోలు మారతాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంకో 25 వెనక్కి పోతాయి. అంటే లోపలి చక్రం మీద మిగిలేది 95 కిలోలే. టైరు పట్టు 0.9 వేసుకుంటే అది నేలను తోయగలిగేది 85 కిలోలు.

రెండో గేరులో ఆ ఇంజను ఇచ్చే తోపుడు సుమారు 280 కిలోలు. చక్రానికి 140. లోపలిది 85 దగ్గరే చేతులెత్తేస్తుంది కాబట్టి ఓపెన్ డిఫరెన్షియల్‌తో నాకు దక్కేది 85కి 85, మొత్తం 170. ఒకటికి రెండు పంచే హెలికల్ ఉంటే 85, 170, మొత్తం 255. తేడా చిన్నది కాదు. 85 హార్స్‌పవర్ బండికి ఎల్ఎస్‌డి ఎందుకులే అని తీసిపారేయడానికి వీల్లేదన్నమాట. నేను అలాగే అనుకున్నాను, లెక్క ఒప్పుకోలేదు.

కానీ ఇదే లెక్కలో ఇంకో తలుపు ఉంది. వెనక స్ప్రింగులు గట్టివి వేస్తే బండి ఒరిగేటప్పుడు మారే బరువులో ఎక్కువ వాటా వెనక యాక్సిల్ తీసుకుంటుంది. ముందు మారేది 165 నుంచి 125కి దిగిందనుకోండి. లోపలి చక్రం మీద 135 కిలోలుంటాయి, పట్టు 120. ఓపెన్ డిఫరెన్షియల్‌తోనే 240! పక్కకు ఆనడానికి టైరు వాడుకునే పట్టును ఇందులో వేయలేదు, కాబట్టి అసలు అంకెలు వేరుగా వస్తాయి. అయినా దారి మాత్రం తెలిసింది. స్ప్రింగుల జతకి ఎనిమిది వేలు. ఎల్ఎస్‌డి బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి లక్షన్నర దాటుతుందని చెప్పారు.

మూడో గేరు లెక్క కూడా వేశాను. తోపుడు 190కి దిగుతుంది, చక్రానికి 95. అంచున ఉంది, పెద్దగా జారదు. అంటే ట్రాక్ మొత్తం మీద గొడవ రెండో గేరు మలుపుల్లోనే.

డిసెంబరు 7

ఎస్టీమ్ కొన్నాను. 85 వేలు. అమ్మినాయన రిటైరైన మాస్టారు, ఆర్సీ రెన్యువల్ కూడా చేయించి ఉంచాడు. సముద్రపు గాలికి ఫుట్‌బోర్డు కింద తుప్పు కాస్త ఉంది. 1994లో వచ్చి 2007లో ఆగిపోయిన మోడల్ అయినా, ఈ బండితో మన దేశంలో ఎందరో రేసులు నేర్చుకున్నారు. సామాను ఏ పాత ఇనుము కొట్లో అడిగినా దొరుకుతుంది. కొనడంలో నేను చూసింది చివరికి ఇదే: బరువు తక్కువ, సామాను చవక, పగిలితే ఏడవక్కర్లేదు.

డిసెంబరు 21

పదిరోజులుగా ముసురు. షెడ్డులో నీళ్లు కారుతుంటే టార్పాలిన్ కట్టుకుని పని చేశాం. బ్రేకు ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేకు ఆయిల్, ఇంజను మౌంటులు, కింది ఆర్ముల బుష్షులు, మంచి టైర్లు నాలుగు. ఇవి చదవడానికి విసుగు, చేయడానికి ఇంకా విసుగు. స్ప్రింగులు మాత్రం కావాలనే ఇప్పుడు మార్చలేదు. ముందు ఉన్నది ఉన్నట్టు కొలవాలి.

సాయంత్రం భాయ్ మెల్లగా కదిపాడు. "సామీ, నువ్వు ఊ అంటే డిఫరెన్షల్‌లో రెండు టాకాలు వేసేస్తా. వెల్డింగ్ రాడ్డు ఖర్చే. నీ ఎల్ఎస్‌డి రెడీ."

ముందు చక్రాల బండిలో వెల్డింగ్ డిఫరెన్షియల్! బాబాయ్ ట్రాక్టరు లాకు వేసి ఇంటిదాకా తోలినట్టు. స్టీరింగ్ చేతులు విరుస్తుంది, షాఫ్టులు విరుగుతాయి. భాయ్ నవ్వుతున్నాడు గానీ కళ్లలో కొంచెం ఆశ కూడా కనిపించింది.

జనవరి 18

సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే మొదటి ట్రాక్ డే. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, సూళ్లూరుపేటలో టీ తాగి, తడ దాటి, చెన్నై ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని తెల్లారేసరికి గేటు దగ్గరున్నాం.

కొలిచే పద్ధతి చవకైనది. ఫోన్‌లో జీపీఎస్ వేగం పెట్టి, దాన్నీ టాకో (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) ముల్లునీ కలిపి ఇంకో ఫోన్‌తో వీడియో తీశాను. నేరు రోడ్డు మీద రెండో గేరులో 50 కిలోమీటర్ల వేగానికి ముల్లు 3600 దగ్గరుంటుందని ముందే చూసి పెట్టుకున్నాను. మలుపులో అదే వేగానికి ముల్లు ఎక్కువ చూపిస్తే, ఆ ఎక్కువంతా లోపలి చక్రం ఊరికే తిరిగినదే.

రాత్రి ఇంటికొచ్చి వీడియో ఆపి ఆపి చూశాను. 12 మలుపుల్లో జారింది రెండింట్లోనే. గట్టిగా జారినచోట 50 దగ్గర 4300. దాదాపు 20 శాతం ఎక్కువ. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి, డిఫరెన్షియల్ కేసు (ఇంజను తిప్పే దాని పెట్టె) తిరిగేది రెండు చక్రాల సగటున. బయటి చక్రం జారనప్పుడు సగటు 20 శాతం పెరిగిందంటే లోపలిది 40 శాతం ఎక్కువ తిరుగుతున్నట్టు. చెవికి అది "ర్ర్ర్ర్" అన్న గరగరలా వినిపించింది, అంతే. మిగతా పది మలుపుల్లో ముల్లు, వేగం జంట విడవలేదు.

ఆ రెండు మలుపుల్లో జారిన సమయం మొత్తం కలిపినా ల్యాపుకి మూడు సెకన్ల లోపే. ఆ మూడు సెకన్లలో పోగొట్టుకున్నది ఏ అర సెకనో. మధ్యాహ్నం ఒక సీనియర్ డ్రైవర్ పక్కన కూర్చుని, నేను బ్రేకు ఎంత ముందుగా తొక్కుతున్నానో చూపించాడు. సాయంత్రానికి ల్యాపుకి నాలుగు సెకన్లు తగ్గాయి. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

ఫిబ్రవరి 1

వెనక గట్టి స్ప్రింగులు వేశాం. ముందు చక్రాలు పైవైపు కాస్త లోపలికి వాలేలా క్యాంబర్ కూడా మార్చాం. ఖాళీ లేఅవుట్ రోడ్డులో కోన్లు పెట్టి మెల్లగా చూస్తే, మలుపు మధ్యలో కాలు ఎత్తగానే తోక కదిలింది. ఇది స్ప్రింగుల కోసం చెల్లించే మూల్యం. ఇంకా గట్టివి వేసే ఆలోచన లేదు. లోపలి వెనక చక్రం గాల్లోకి లేచిందంటే వెనక యాక్సిల్ ఇక తీసుకోవడానికి ఏమీ మిగలదు.

ఫిబ్రవరి 15

రెండో ట్రాక్ డే. అదే మలుపు, అదే 50, ముల్లు 3800. లెక్కలో వచ్చినంత కాకపోయినా, 700 ఎక్కువ తిరిగేది 200కి దిగింది. కొంత స్ప్రింగుల వల్ల, కొంత నేను స్టీరింగ్ విప్పాక తొక్కడం నేర్చుకున్నందువల్ల. ఏది ఎంతో విడదీయలేను.

ఇంతవరకు రాసి ఆపేస్తే ఎల్ఎస్‌డికి అన్యాయం చేసినట్టే. మధ్యాహ్నం ఒకాయన తన సిటీలో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. ఇందులో ఉన్నది నిజం హెలికల్, తనే ఎదురుగా ఉండి బిగించుకున్నాడు. నా బండి గరగరమనే మలుపులో ఆయన నాకంటే చాలా ముందే పూర్తిగా తొక్కేశాడు. బండి బయటికి తోసుకుపోతుందని నేను తలుపు పట్టుకున్నాను. పోలేదు. ముందు భాగాన్ని ఎవరో తాడు కట్టి మలుపు లోపలికి లాగినట్టు తిరిగింది. ఆయన చేతుల్లో స్టీరింగ్ అటూ ఇటూ గుంజుతోంది, గట్టిగా పట్టుకున్నాడు. ఒకచోట లోపలి చక్రం కెర్బ్ (ట్రాక్ అంచు గట్టు) మీదకెక్కి క్షణం గాల్లోకి లేచింది, అప్పుడు మాత్రం ఇంజను ఊరికే అరిచింది. సున్నాకి రెండింతలు సున్నాయే కదా. ప్లేట్ల రకానికి ఆ చిక్కు తక్కువ గానీ, ప్లేట్లు అరుగుతాయి, ఆయిల్ తరచూ మార్చాలి.

దిగాక ఎన్నేళ్ల నుంచి తోలుతున్నారని అడిగాను. ఆరేళ్లు. ఎల్ఎస్‌డి వేసింది నాలుగో ఏడు.

ఇప్పుడు స్నేహితుడికి నా జవాబు: తేడా ఉంది, బాగా ఉంది. కానీ దాని కోసం బండి ఎంచుకోను. మంచి బండిని ఎంచుకుని, దాని గేర్‌బాక్స్‌కి రేపు ఎల్ఎస్‌డి దొరుకుతుందా లేదా అని మాత్రం ముందే చూసుకుంటాను. వాడు ఒప్పుకోలేదు. టార్చి, పిన్ను కథ చెప్పినా ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 22

రెండో గేరు వేసేటప్పుడు కరకరమంటోంది, గేరు సాఫీగా పడేలా చూసే సింక్రో రింగు పోయినట్టుంది. భాయ్ గేర్‌బాక్స్ దింపాలన్నాడు. దింపితే పదిరోజులు బండి కదలదు. అందుకని కావలిలో పాత ఇనుము కొట్లో ఇంకో ఎస్టీమ్ గేర్‌బాక్స్ వెతికి ఆరు వేలకు తెచ్చాను. దాని రెండో గేరు బాగుంది. అది బండికెక్కింది. దిగిన దాన్ని తీరిగ్గా విప్పుకోవచ్చు, రింగు వేసుకోవచ్చు, ఏదో ఒకనాడు డిఫరెన్షియల్ కూడా అందులోనే మార్చుకోవచ్చు.

దాన్ని కిరోసిన్‌తో కడిగి, గోనెసంచిలో చుట్టి, మెట్ల కింద పెట్టాను. సాయంత్రం చూస్తే దాని మీద పీటేసి అమ్మ ఆవకాయ జాడీ పెట్టింది. ఎత్తు సరిగ్గా సరిపోయిందట.